వంతెన లేని ఇరుకు దారి: విశాఖ లోపలి రేవులోకి ఓడ వచ్చే తీరు

విశాఖపట్నం పాతనగరానికీ డాల్ఫిన్ నోస్ కొండకూ నడుమ ఒక నీటి దారి ఉంది. పొడవు సుమారు 1.6 కిలోమీటర్లు, ఇరుకైన చోట వెడల్పు సుమారు 110 మీటర్లు. లోపలి రేవులోని బెర్తులకు వెళ్లే సరుకు ఓడలు, హిందుస్థాన్ షిప్‌యార్డుకు మరమ్మతుకు వచ్చే ఓడలు, నావికాదళ డాక్‌యార్డులోని యుద్ధనౌకలు అన్నీ ఈ ఒక్క దారినే వెళ్లాలి, దీంట్లోంచే బయటికి రావాలి. రెండో ద్వారం లేదు. దీని మీద వంతెన కూడా లేదు. పాతనగరం ఒడ్డున నిలబడితే ఎదుటి కొండ కంటికి ఆనుతూనే ఉంటుంది, కానీ రోడ్డు మీద అక్కడికి చేరాలంటే రేవు మొత్తాన్ని చుట్టి సింధియా ప్రాంతం మీదుగా పోవాల్సిందే.

ఓడరేవు దారికి అడ్డంగా వంతెన కట్టాల్సి వస్తే దాన్ని పైకి లేచేలా కడతారు. కోల్‌కతా ఖిదిర్‌పూర్ రేవులో అలాంటిది ఉంది. తమిళనాడులోని పాంబన్‌లో 1914 ఫిబ్రవరిలో మొదలైన రైలు వంతెనకు మధ్యలో రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచే భాగం ఉండేది. కూలీలు చేతులతో మీటలు తిప్పి దాన్ని ఎత్తేవారు. దాని పక్కనే కట్టి 2025 ఏప్రిల్ 6న ప్రారంభించిన కొత్త వంతెనలో 72.5 మీటర్ల పొడవైన భాగం మొత్తంగా 17 మీటర్లు నిలువునా లేస్తుంది. ఇలాంటి చోట పడవ నడిపేవాళ్ల నియమాలు ప్రపంచమంతటా దాదాపు ఒకటే. తెరవమని ముందే కబురు పెట్టాలి. జవాబు వచ్చేదాకా దూరంగా ఆగాలి. ఎదుటి నుంచి ఏదీ రావడం లేదని రూఢి చేసుకోవాలి. లోపలికి దిగాక మధ్యలో ఆగకూడదు. అమెరికాలో వంతెన తెరవమని అడగడానికి ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత వేస్తారు. తెరవడం కుదరకపోతే వంతెన కాపలాదారు అయిదు పొట్టి కూతలు వేస్తాడు.

విశాఖ ముఖద్వారంలో పైకి లేచే ఇనుప రెక్క లేదు, కానీ ఈ నియమాలన్నీ ఉన్నాయి. దారి తెరవడం, మూయడం పోర్టు కంట్రోల్ గదిలో వేసే వరుసక్రమంలో జరుగుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. వంతెన కింద దూరే ఓడకు రెండు ఎత్తుల లెక్క కావాలి, అడుగున ఎంత నీరుందో, కొన మీద ఎంత ఖాళీ ఉందో. పోటు వచ్చినప్పుడు మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. విశాఖలో పైన ఆకాశమే కాబట్టి పోటు నూటికి నూరుపాళ్లూ మేలే చేస్తుంది. ఇక్కడి పెద్ద ఓడల కదలికలు పోటు వేళలను బట్టి ఎందుకు నడుస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ దారి పూర్తిగా ప్రకృతి ఇచ్చింది కాదు. వందేళ్ల కిందట ఇక్కడ మేఘాద్రి గెడ్డ నీళ్లు కలిసే ఉప్పుటేరు, దాని వెనక బురద నేలలు, ముందు ఇసుక దిబ్బ ఉండేవి. చిన్న పడవలే లోపలికి రాగలిగేవి. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసుకుంటే సరుకు పడవల్లో చేరేది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజానికి తూర్పుతీరంలో దగ్గరి రేవు కావాలన్న ఆలోచనతో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ పని చేపట్టింది. రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. తవ్వోడలు ఉప్పుటేటిని లోతు చేసి, బురద నేలల మధ్య ఓడ తిరిగే చెరువును, దానికి పాయలను తవ్వాయి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ 'జలదుర్గ' మొట్టమొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. నౌకాశ్రయానికి ఉన్న గొప్ప లక్షణమూ, పెద్ద ఇబ్బందీ ఆ రోజునే స్థిరపడ్డాయి. చుట్టూ నేల, కొండ ఉన్నందున లోపల నీరు నిశ్చలంగా ఉంటుంది. లోపలికి రావడం మాత్రం సందులోంచే.

ఆ సందు నోటికి ఇసుక బెడద మొదటి రోజు నుంచీ ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరానికి ఏటవాలుగా కొట్టి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. శీతకాలంలో కొంత వెనక్కి పోతుంది, కానీ ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. మధ్యలో లోతైన తవ్వుడు కాలువ తగిలితే ఆ ఇసుక అందులో పడిపోతుంది. దీన్ని ఆపడానికి తొలి ఇంజనీర్లు చేసిన పని విచిత్రమైనదే. జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను కొండ వైపు సముద్రంలో ముంచి, వాటినే అలలకు అడ్డుగోడగా వాడుకున్నారు. గోడ చాటున ఇసుక పోగుపడితే అక్కడి నుంచి తవ్వి తీయడం సులువు. నౌకలు సురక్షితంగా రావడానికి రెండు నౌకలను కావాలనే ముంచిన రేవు ఇది.

ఈ పని ఒకసారి చేసి వదిలేసేది కాదు. రేవు ఉన్నంతకాలం తవ్వుతూనే ఉండాలి. తవ్విన ఇసుకను నడిసముద్రంలో పారబోస్తే ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు సహజంగా చేరాల్సిన ఇసుక చేరదు, తీరం కోసుకుపోతుంది. అందుకే తవ్వోడలు దాన్ని గొట్టాల ద్వారానో, తీరానికి దగ్గరగా వదిలో బీచ్‌కు చేరుస్తుంటాయి. నగరవాసులు సాయంత్రాలు నడిచే ఇసుకలో కొంత భాగం ఓడల దారిలోంచి తీసిందే. దేశంలోని రేవులకు ఈ సేవ చేసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉండడం సహజంగానే ఉంది.

1970ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం ఎగుమతికి ఇంకా పెద్ద ఓడలు కావాల్సి వచ్చింది. సందులో పట్టని ఆ ఓడల కోసం బయటే వేరే రేవు కట్టారు. దక్షిణ, తూర్పు, ఉత్తర అలగోడలు మూడూ కలిసి సుమారు 200 హెక్టార్ల నీటిని చుట్టి కాపాడతాయి. దక్షిణపు గోడ ఒక్కటే కిలోమీటరున్నర పొడవు. ఈ బయటి రేవు వచ్చాక లోపలి దారికీ మేలు జరిగింది. అంతవరకు సముద్రపు అల నేరుగా సందు నోటిని కొట్టేది. ఇప్పుడు ఓడ మొదట గోడల చాటుకు వచ్చి, కాస్త నెమ్మదించి, ఆ తరవాతే సందులో దిగుతుంది.

రావాల్సిన ఓడ ముందుగా బయట సముద్రంలో లంగరు వేసుకుని నిలుస్తుంది, లేదా తనకిచ్చిన వేళకు సరిగ్గా చేరేలా వేగం సర్దుకుంటుంది. పోర్టు కంట్రోల్‌తో వీహెచ్ఎఫ్ రేడియోలో మాట్లాడి తన పొడవు, వెడల్పు, నీటిలో మునిగిన లోతు, సరుకు, ఇంజన్ పరిస్థితి చెబుతుంది. రాడార్లు, ఓడలు తమంత తాము ప్రసారం చేసే గుర్తింపు సంకేతాలు కలిపి రేవు చుట్టూ ఉన్న ప్రతి పెద్ద ఓడనూ కంట్రోల్ తెర మీద చూపిస్తాయి. లంగరు వేసుకుని ఎదురుచూడటం కూడా పైకి కనబడేంత నిశ్చింత పని కాదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల ఒడ్డుకెక్కింది. లంగరు పట్టు అడుగున్న నేల మీద, వదిలిన గొలుసు పొడవు మీద ఆధారపడుతుంది. గాలి హెచ్చే సూచన ఉన్నప్పుడు ఇంజన్ సిద్ధంగా ఉంచుకోవడమో, ముందే లంగరెత్తి లోతు సముద్రానికి పోవడమో చేయాలి.

లోపలికి పిలుపు రాకముందే ఒక లెక్క తేలాలి. ఓడ అడుగుకూ కాలువ అడుగుకూ మధ్య ఎంత నీరు మిగులుతుంది? పటంలో రాసిన లోతుకు ఆ వేళ పోటు ఎత్తు కలుపుతారు. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా 1.4 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అష్టమి నవమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. ఖంభాత్ సింధుశాఖలో పది మీటర్ల పోట్లు చూసేవాళ్లకు ఇది లెక్కలోది కాదు. అడుగున మీటరు నీటితో పోవాల్సిన ఓడకు మాత్రం ఇదే దారి తెరిచే తాళం.

వచ్చిన మొత్తం లోంచి ఓడ మునక తీసేస్తే లెక్క అయిపోదు. కదులుతున్న ఓడ, నిలబడ్డ ఓడ కంటే లోతుకు దిగుతుంది. ఓడ ముందుకు పోతుంటే అది తోసిన నీరు పక్కల నుంచి, అడుగు నుంచి వెనక్కి పారాలి. ఇరుకు కాలువలో ఆ నీటికి చోటు తక్కువ, అందుకని వేగంగా పారుతుంది. వేగం పెరిగిన నీటిలో పీడనం తగ్గుతుంది, చుట్టూ నీటిమట్టం కొద్దిగా దిగుతుంది, దాంతో పాటు ఓడా దిగుతుంది. నావికులు దీన్ని స్క్వాట్ అంటారు. ఇరుకు నీటికి వాళ్లు వాడే ఉజ్జాయింపు సూత్రం సులువైనది. నాట్లలో వేగాన్ని వర్గం చేసి, ఓడ లావుదనాన్ని చెప్పే అంకెతో గుణించి, 50తో భాగించాలి. పెద్ద సరుకు ఓడకు ఆ అంకె 0.8 అనుకుంటే, 5 నాట్ల వేగంలో దిగుడు 40 సెంటీమీటర్లు. 10 నాట్లకు 1.6 మీటర్లు! వేగం రెట్టింపయితే దిగుడు నాలుగు రెట్లవుతుంది. అడుగున మీటరు నీరే ఉన్నప్పుడు 10 నాట్లతో పోవడమంటే నేలకు తగలడమే.

ఇంకా రెండు చిన్న కోతలున్నాయి. 32 మీటర్ల వెడల్పున్న ఓడ గాలికో మలుపుకో ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగితే ఒక వైపు అంచు 28 సెంటీమీటర్లు దిగుతుంది. గెడ్డ నీళ్లు ఎక్కువగా కలిసే వానాకాలంలో నీటి సాంద్రత తగ్గుతుంది. ఉప్పునీటిలో 13 మీటర్లు మునిగే ఓడ పూర్తి మంచినీటిలో దాదాపు 33 సెంటీమీటర్లు అదనంగా మునుగుతుంది. ఉప్పూ తీపీ కలిసిన రేవు నీటిలో ఈ రెండు కొలతల నడుమ ఎక్కడో ఉంటుంది. ఇవన్నీ పోగా మిగిలినదాన్ని బట్టి ఏ ఓడ, ఏ పోటుకు, ఎంత బరువుతో రావచ్చో నిర్ణయిస్తారు.

ఇక పైలట్ సంగతి. 1908 నాటి భారత ఓడరేవుల చట్టం రోజుల నుంచీ 200 టన్నులు దాటిన ఓడ ఇలాంటి రేవుల్లో పైలట్ లేకుండా కదలకూడదన్న నియమం ఉంది. పైలట్ పోర్టు ఉద్యోగి. సముద్రాల మీద ఏళ్ల తరబడి పనిచేసి వచ్చి, ఈ ఒక్క రేవు నీటిని అడుగడుగునా నేర్చుకున్న నావికుడు. చిన్న వేగపు పడవలో ఎదురెళ్లి, కదులుతున్న ఓడ పక్కకు వేలాడదీసిన తాడు నిచ్చెన ఎక్కుతాడు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన కొద్ది నిమిషాలు ఇవే. నీటి మట్టం నుంచి ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు దాటితే తాడు నిచ్చెన ఒక్కటే వాడకూడదని, దానికి ఓడ మెట్లను జతచేయాలని అంతర్జాతీయ నియమం. పైలట్ పైకి చేరగానే సగం తెలుపు సగం ఎరుపు జెండా ఎగురుతుంది. కెప్టెన్, పైలట్ ఒకరికొకరు వివరాలు చెప్పుకుంటారు. ఇంజన్‌ను వెనక్కి తిప్పడానికి ఎంతసేపు పడుతుంది, ప్రొపెల్లర్ ఏ వైపు తిరుగుతుంది, ఓడను లాగే, నెట్టే టగ్గు పడవలు ఎక్కడ కట్టాలి, ఏ దారిన, ఏ వేగంతో పోవాలి, ఎక్కడిదాకా వెళ్లాక వెనక్కి రాలేం. అయినా ఓడ బాధ్యత కెప్టెన్ మీదనుంచి పోదు. దారి పైలట్‌ది, ఓడ కెప్టెన్‌ది.

ఓడ ప్రొపెల్లర్ విషయం బయటివాళ్లకు అంతగా తెలియదు. పెద్ద సరుకు ఓడల ఇంజన్‌కు గేరు పెట్టె ఉండదు. ఇంజన్ తిరిగినట్టే ప్రొపెల్లర్ తిరుగుతుంది. వెనక్కి నడపాలంటే ఇంజన్‌ను పూర్తిగా ఆపి, సంపీడన గాలితో ఎదురు దిశలో మళ్లీ మొదలుపెట్టాలి. నిల్వ గాలితో వరుసగా 12 సార్లు మొదలుపెట్టగలిగితే చాలన్నది ప్రామాణిక నియమం. అంటే పైలట్ ఇంజన్‌ను ఎన్నిసార్లంటే అన్నిసార్లు ముందుకూ వెనక్కూ మార్చలేడు. పైగా అతి తక్కువ వేగపు మెట్టు మీద కూడా ఆ ఇంజన్ ఓడను నాలుగైదు నాట్లకు తీసుకెళ్తుంది. కుడివైపు తిరిగే ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పితే ఓడ వెనక భాగం ఎడమకు, మూతి కుడికి పోతుంది. ఆగుతుందనుకున్న ఓడ ఆగుతూ ఆగుతూ గట్టు వైపు తిరుగుతుందన్నమాట.

ఇరుకు దారి ప్రయాణంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. చుక్కాని పని చేయాలంటే దాని మీదుగా నీరు పారాలి. మరీ నెమ్మదిస్తే చుక్కాని చచ్చుబడుతుంది, ఓడను గాలి ఎటు తోస్తే అటు పోతుంది. వేగం పెంచితే అడుగు దిగుతుంది, గట్టు లాగుతుంది, ఆపడం చేతకాదు. క్షేమంగా పోగలిగే వేగం ఈ రెండు ప్రమాదాల నడుమ రెండు మూడు నాట్ల వెడల్పున ఉంటుంది. ఆ వెడల్పులో ఓడను నిలబెట్టడమే ఈ విద్య. చుక్కాని బలం చాలని చోట టగ్గులు పూరిస్తాయి. ముందొకటి, వెనకొకటి, అవసరమైతే పక్కన మరొకటి. ఒక్కో టగ్గు పదుల టన్నుల బలంతో లాగగలదు, నెట్టగలదు. వెనక కట్టిన టగ్గు అదనపు బ్రేకుగానూ చుక్కానిగానూ పనికొస్తుంది. మరో ఉపాయం కూడా ఉంది. చుక్కానిని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఇంజన్‌కు కొద్ది క్షణాల పాటు బలం ఇచ్చి ఆపేస్తే, ఓడ వేగం అందుకునేలోపే మూతి తిరుగుతుంది.

బయటి రేవు దాటి సందు వరుసకు వచ్చేటప్పుడు పైలట్‌కు దారి చూపేవి ఒడ్డున ఒకదాని వెనక ఒకటి నిలిపిన గుర్తులు, దీపాలు. రెండూ ఒకే గీతలో కనబడుతుంటే ఓడ నడిమధ్యన ఉన్నట్టు. ముందుది కుడికో ఎడమకో జరిగినట్టు కనిపిస్తే ఓడ పక్కకు పోతోందన్నమాట. కాలువ అంచుల్లో బోయాలు ఉంటాయి. భారతదేశం అనుసరించే పద్ధతిలో సముద్రం నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఎడమన ఎరుపు, కుడిన పచ్చ. అమెరికా ఖండాల్లో, జపాన్‌లో ఇది తలకిందులు. అక్కడి నుంచి వచ్చిన ఓడ సిబ్బంది ఈ మార్పును మనసులో పెట్టుకోవాలి. డాల్ఫిన్ నోస్ మీద, సముద్ర మట్టానికి 174 మీటర్ల ఎత్తున ఉన్న కొండ తలపై దీపస్తంభం దూరపు ఓడలకు పనికొస్తుంది. సందులోకి వచ్చాక దాని పని అయిపోయినట్టే.

ఒడ్డు పక్కన పాత గుర్తులూ ఉన్నాయి. ఒకే వరుసలో మూడు కొండల మీద వేంకటేశ్వరుడి గుడి, ఇసాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి ముఖద్వారాన్ని చూస్తుంటాయి. రేవుకు వచ్చీపోయే ఓడలు దర్గాకు మూడుసార్లు జెండా దించి ఎత్తేవని బ్రిటిషు కాలపు జిల్లా గెజిటీరు రాసింది. ఎత్తైన కట్టడాలు లేని రోజుల్లో ఆ కొండలు భక్తికి ఎంత పనికొచ్చాయో దిక్కు తెలుసుకోవడానికీ అంతే పనికొచ్చి ఉంటాయి.

సందు లోపల గట్టు ప్రభావం మొదలవుతుంది. ఓడ నట్టనడుమ ఉన్నంతసేపు రెండు పక్కలా నీరు సమానంగా పారుతుంది. ఒక గట్టుకు చేరువైతే ఆ వైపు నీరు వేగంగా పారి పీడనం తగ్గుతుంది, ఓడ వెనక భాగం గట్టు వైపు లాగబడుతుంది. మూతి దగ్గర పోగయ్యే నీరు మాత్రం మూతిని గట్టు నుంచి అవతలికి నెడుతుంది. ఫలితంగా ఓడ తనంత తానే అడ్డం తిరగాలని చూస్తుంది. చుక్కానితో సరిచేయవచ్చు, కానీ ఎక్కువగా సరిచేస్తే ఎదుటి గట్టు దగ్గర ఇదే కథ మొదలు. గాలి ఇంకో సమస్య. కొండ చాటున ఉన్న ఓడ చాటు దాటగానే గాలి ఒక్కసారిగా పక్క మీద పడుతుంది. సరుకు లేని ఖాళీ ఓడకు నీటి పైన గోడలా ఎత్తు ఎక్కువ, నీటిలో పట్టు తక్కువ, కాబట్టి గాలికి అదే ఎక్కువ లొంగుతుంది. గాలికి ఎదురుగా కాస్త ఏటవాలుగా నడపాల్సి వస్తుంది. 230 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉన్న ఓడ అయిదు డిగ్రీల ఏటవాలుతో నడిస్తే అది ఆక్రమించే దారి వెడల్పు 52 మీటర్లు. 110 మీటర్ల కాలువలో సగం అక్కడికే అయిపోయింది. రెండు పెద్ద ఓడలు ఎదురెదురుగా ఇక్కడ దాటుకోలేవని చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు.

దారి దాటాక తిరిగే చెరువు వస్తుంది. దాని వ్యాసం సుమారు 365 మీటర్లు. 230 మీటర్ల ఓడను అందులో టగ్గులు మెల్లగా తిప్పి, బెర్తుకు చేరుస్తాయి, చాలాసార్లు తిరిగి పోయేటప్పుడు ముక్కు సూటిగా పోవడానికి వీలుగా నిలుపుతాయి. ఇటీవలి సంవత్సరాల్లో 38 మీటర్ల వెడల్పున్న ఓడలను కూడా లోపలికి తెచ్చారు. ఒకే దారిన ఒక ఓడ పోయే కాలువ వెడల్పు ఓడ వెడల్పుకు కనీసం మూడు రెట్లన్నా ఉండాలన్నది స్థూలమైన ఇంజనీరింగు సూత్రం. 32 మీటర్ల ఓడకు అది దొరుకుతుంది, 38 మీటర్ల ఓడకు కాస్త తక్కువ పడుతుంది. అలాంటి ఓడలను తెచ్చే ముందు కంప్యూటర్ నమూనాల మీద పైలట్లు సాధన చేయడం అందుకే.

అన్నీ సవ్యంగా చేసినా యంత్రం మొరాయించవచ్చు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో దాదాపు 300 మీటర్ల పొడవున్న కంటెయినర్ ఓడ 'డాలీ'లో కరెంటు పోయింది. చుక్కాని, ఇంజన్ రెండూ నిలిచి, ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభానికి గుద్దుకుంది. వంతెన కూలి, దాని మీద పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ దెబ్బ బలం ఎంతో ఊహించుకోవడానికి ఒక లెక్క. 80 వేల టన్నుల బరువుతో 6 నాట్ల వేగంలో పోయే ఓడలోని శక్తి, గంటకు 60 కిలోమీటర్లతో పరుగెత్తే 20 టన్నుల లారీలు సుమారు 135 కలిపితే ఉన్నంత. వేగం 3 నాట్లకు తగ్గితే ఆ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇరుకు దారిలో ఓడ మూతి దగ్గర లంగర్లను వదలడానికి సిద్ధంగా మనిషిని నిలబెడతారు. కరెంటు పోయిన ఓడకు చివరి బ్రేకు ఆ లంగరే. టగ్గులు ముందే కట్టి ఉంచడంలోనూ ఉద్దేశం ఇదే. లోపలి దారిలో ఒక ఓడ అడ్డంగా కూరుకుపోతే సరుకు రేవు, షిప్‌యార్డు, నావికాదళం మూడూ బందీలవుతాయి. శత్రువుకూ ఈ విషయం తెలుసు. 1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి 'ఘాజీ' మునిగిపోయింది ఈ ముఖద్వారానికి కొద్ది దూరంలోనే.

చిన్న పడవల సంగతి వేరు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని మర పడవలు పెద్ద ఓడలు తిరిగే నీళ్లలోంచే సముద్రానికి పోతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అది ముగిసిన అర్ధరాత్రి వందల పడవలు ఒక్కసారిగా కదులుతాయి. సముద్రంపై ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో తొమ్మిదోది ఇలాంటి చోట్ల గురించే. ఎవరైనా దారికి కుడి అంచున పోవాలి. 20 మీటర్ల లోపు పడవలు, తెరచాప పడవలు, వేట పడవలు ఇరుకు దారిలోనే నడవగల ఓడకు అడ్డు కాకూడదు. సముద్రం మీద మామూలుగా వల లాగుతున్న పడవకు ఓడ దారి ఇవ్వాలి. రేవు దారిలో ఆ హక్కు చెల్లదు. ఈ తేడా తెలియక జరిగే పొరపాట్లే ఎక్కువ ప్రమాదకరం.

ఇది పెద్దవాడికి చిన్నవాడు లొంగాలన్న న్యాయం కాదు, కంటి చూపు లెక్క. సరుకు ఓడను నడిపే గది వెనక చివర ఉంటుంది. అక్కడి నుంచి చూసేవాళ్లకు మూతి ముందు కొంత నీరు అసలు కనబడదు. ఓడ పొడవుకు రెండింతలు గానీ 500 మీటర్లు గానీ, ఏది తక్కువైతే అంతవరకు కనబడకపోయినా నిబంధన ఒప్పుకుంటుంది. మూతి ముందున్న పడవ ఆ చీకటిలో ఉన్నట్టే. ఓడ ఆపాలనుకున్నా తన పొడవుకు చాలా రెట్లు వెళ్లాక గానీ ఆగదు. ఓడ కూతలు వినడం చిన్న పడవకు ఇంకో రక్షణ. ఒక పొట్టి కూత కుడికి తిరుగుతున్నానని, రెండు ఎడమకు, మూడు ఇంజన్ వెనక్కి నడుస్తోందని. అయిదు లేక అంతకు మించి వరుసగా పొట్టి కూతలు వస్తే, నువ్వేం చేస్తున్నావో అర్థం కావడం లేదని. రాత్రివేళ ఎరుపు, పచ్చ దీపాలు రెండూ ఒకేసారి కనబడితే ఓడ సూటిగా తన మీదికే వస్తోంది. తెల్లదీపం కింద ఎర్రదీపం ఉన్నది పైలట్ పడవ, దాని వెనకే పెద్ద ఓడ ఉంటుందని అనుకోవచ్చు. ఓడను లాగుతున్న టగ్గుకూ ఓడకూ మధ్య నుంచి దూరడం ప్రాణాంతకం. ఆ మధ్య బిగిసి ఉండే తాడు ఒకసారి నీటిలో మునిగి కనబడదు, మరుక్షణం పైకి లేస్తుంది.

తుపాను వేళ ఈ నియమాలన్నీ తారుమారవుతాయి. హెచ్చరిక నంబర్లు ఎక్కువయ్యే కొద్దీ రేవు ఓడలను బయటికి పంపిస్తుంది. నిశ్చలమైన రేవు వదిలి అలల్లోకి ఎందుకు పోవాలని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కట్టిన ఓడ తాళ్లు తెంచుకుంటే గట్టును, క్రేన్లను, పక్క ఓడను గుద్దుతుంది. చోటున్న సముద్రంలో ఓడ గాలికి ఎదురు నిలవగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. అలాంటి రోజుల్లో ముఖద్వారం తుపానుకు చాలా ముందే ఖాళీ కావాలి. గాలి పెరిగాక పైలట్ పడవ బయటికి రాలేదు, పైలట్ రాకపోతే ఓడ కదలలేదు.

ఈ సందు ఎంత తవ్వినా అన్ని ఓడలకూ సరిపోదు. రెండు లక్షల టన్నుల సరుకు మోసే ఓడలు బయటి రేవులోనే ఆగుతాయి. విశాఖ ఉక్కు కర్మాగారానికి కావలసిన విదేశీ కోకింగ్ బొగ్గుకు దక్షిణాన గంగవరంలో 2009లో వేరే లోతైన రేవు వచ్చింది. అక్కడ కొండ పక్క సందు లేదు, గోడల మధ్య లోతైన నీరే ఉంది. లోపలి రేవు మాత్రం తన నిశ్చలత కోసం ఆ ఇరుకును ఓర్చుకుంటూనే ఉంటుంది. బోటు సరంగులు గుర్తుంచుకోవలసినవి మూడే. దారికి నడుమ వల వేయకూడదు, నడుమ ఆగకూడదు. రేడియోను 16వ ఛానెల్ మీద తెరిచి ఉంచుకోవాలి. ఓడ కనబడగానే దాని మూతి ముందు నుంచి దాటాలని చూడకుండా దాని వెనక నుంచి పోవాలి.